బ్యారేజీ నుంచి మొగ దాకా: డెల్టా పట్టణాల నీళ్ల వెంట

గోదావరి డెల్టాలో నీళ్లకు దారులు రెండు. పంట కాలువ మెరక మీద నడుస్తుంది, మురుగు కాలువ పల్లంలో నడుస్తుంది. పైన వదిలిన నీరు బోదెల్లోంచి, అంటే చిన్న పిల్ల కాలువల్లోంచి, చేలల్లోకి దిగాలి, చేను తాగగా మిగిలింది డ్రెయిన్‌లో పడి సముద్రానికి పోవాలి. ఈ రెండూ కలవకూడదు. ఆర్థర్ కాటన్ నాటి ఈ ఏర్పాటు పల్లెలకు సరిపోయింది. పల్లెలు పట్టణాలయ్యాక కాలువ గట్టే మెయిన్ రోడ్డయింది, ఇళ్ల వెనక గొట్టాలు కాలువలోకే దిగాయి. పై ఊరు వాడి వదిలిన నీళ్లు కింది ఊరి మంచినీళ్ల చెరువులో చేరుతున్నాయి. ఈ ప్రయాణం ఆ నీళ్ల వెంటే, తల నుంచి చివరి భూముల దాకా, అక్కణ్ణుంచి నది సముద్రంలో కలిసే మొగ దాకా.

వెళ్లాల్సింది మార్చి ఆఖర్లో. మామూలుగా ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. కట్టేసే ముందు పట్టణాలన్నీ చెరువులు నింపుకుంటాయి. ఏ ఊరు ఎంత దాచుకుంటోందో, ఎలా దాచుకుంటోందో అప్పుడే కనబడుతుంది. వరదల్లో వస్తే ఎర్ర నీళ్లు తప్ప ఇంకేమీ తెలియదు.

మొదటి రోజు: రాజమహేంద్రవరం, ధవళేశ్వరం

పుష్కర ఘాట్ మెట్ల దగ్గర ఈ నెలల్లో నీళ్లు కదిలీ కదలనట్టు ఉంటాయి. ఏడెనిమిది కిలోమీటర్ల దిగువన ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు మూసి ఉండడమే కారణం. ఎండాకాలం ఇక్కడ నది పెద్ద చెరువు కింద లెక్క. చెరువులో పడ్డ మురికి ఎక్కడికీ పోదు. నగరం మురుగు మోసే పెద్ద కాలువలు రెండు, నల్లా ఛానల్, ఆవ ఛానల్. హుకుంపేటలో రోజుకు 3 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రం ఉంది. దానిదాకా చేరని మురుగు చివరికి నదికే చేరుతుంది. ఇక్కడి నీళ్లే బ్యారేజీ దగ్గర తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకీ మళ్లుతాయి కాబట్టి ఈ ఒక్క నగరం మురుగు కింద ఉన్న పట్టణాలన్నిటికీ సంబంధించిన సంగతి.

స్నానానికి పనికొచ్చే నీటికి హద్దులున్నాయి. లీటరులో కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. బీఓడీ, అంటే నీటిలోని కుళ్లును తినే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, 3 మిల్లీగ్రాములు దాటకూడదు. మలం నుంచి వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండాలి, ఎట్టి పరిస్థితిలోనూ 2,500 మించకూడదు. శుద్ధి చేయని మురుగు బీఓడీ 200 దాకా ఉంటుంది. నది నీటిది 1 అనుకుంటే, ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) మురుగును 3కు దించడానికి దాదాపు 100 క్యూసెక్కుల మంచి నీరు కలవాలి. అదే మురుగును 10కి శుద్ధి చేసి వదిలితే మూడున్నర క్యూసెక్కులు చాలు. వానాకాలం గోదావరిలో నీళ్లకు కరువుండదు, మురుగు దోషం బయటపడదు. మార్చి నుంచి మే దాకా కలపడానికి నీరు ఉండదు. అందుకే పరీక్ష ఏప్రిల్‌లో చేయాలి, అదీ తెల్లవారే ముందు. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం తీసిన నమూనా నీటిని ఉన్నదానికన్నా మంచిదిగా చూపిస్తుంది.

వరద రోజుల్లో ఇబ్బంది ఇంకో రకం. నది మట్టం పెరగగానే ఏటిగట్టు తూములు మూసేయాలి, లేకపోతే గోదావరి ఊళ్లోకి ఎదురెక్కుతుంది. మూస్తే ఊరి వాన నీరు ఊళ్లోనే నిలుస్తుంది. అప్పుడు మోటార్లతో తోడి గట్టు మీదుగా నదిలో పోయడం ఒక్కటే దారి. తూము తలుపు కింద కర్రో గోతామో ఇరుక్కుని పూర్తిగా మూసుకోకపోవడం ఎక్కువగా జరిగే తప్పు. మే నెలలోనే తలుపు ఎత్తి దించి చూస్తే ఇది తెలిసిపోతుంది.

ధవళేశ్వరంలో ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారు. ఇప్పుడున్న బ్యారేజీ పని 1970లో మొదలై 1982కి పూర్తయింది. నాలుగు భాగాలు, 175 గేట్లు: ధవళేశ్వరం 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. నిల్వ మాత్రం 3 టీఎంసీల లోపే. దీన్ని రిజర్వాయరుగా చూడకూడదు, నీటి మట్టం ఎత్తి కాలువల్లోకి మళ్లించే కట్ట ఇది. పైనుంచి వచ్చిందే కిందికి పోతుంది. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నది సహజ ప్రవాహం చాలనప్పుడు సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీరు ఆదుకుంటుంది. గట్టు మీద స్కేలు చూడండి: 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో ఇక్కడ దాదాపు 35 లక్షల క్యూసెక్కులు దిగింది. ఇదే చోట ఏప్రిల్‌లో తాగునీటికి వందల క్యూసెక్కులు లెక్కపెట్టుకుంటారు.

రెండో రోజు: విజ్జేశ్వరం, నిడదవోలు, నందమూరు

విజ్జేశ్వరం హెడ్ స్లూయిజ్ నుంచి పశ్చిమ డెల్టా మొదలవుతుంది. ప్రధాన కాలువ చీలి ఏలూరు, నర్సాపురం, అత్తిలి, ఉండి, గోస్తనీ–వేల్పూరు వంటి కాలువలుగా పోతుంది. లాకుల దగ్గర కాసేపు ఆగాలి. రెండు మట్టాల మధ్య పడవను ఎక్కించి దించడానికి కట్టిన గది అది. పడవలు పోయి చాలా కాలమైంది, లాకు పక్కనున్న రెగ్యులేటరు మాత్రం ఇప్పటికీ కింది పట్టణాల మంచినీటిని నిర్ణయిస్తోంది. గేట్లు చూసుకునే లస్కరు ఒక పలక ఎత్తితే తేడా చివరి ఊళ్లో ఒకటి రెండు రోజుల తర్వాత తెలుస్తుంది.

నిడదవోలు నుంచి తాడేపల్లిగూడెం దాకా కాలువ గట్టు వెంబడి నడిస్తే గొట్టాలు లెక్కకు అందవు. ఒక గొట్టాన్ని దగ్గరగా చూడండి. నాలుగంగుళాల పీవీసీ, గట్టు రాతిలోంచి జానెడు బయటికి వచ్చి ఉంటుంది. దాని కింద రాయి మీద బూడిద రంగు చార, చారకు రెండు పక్కలా పచ్చని నాచు. అంచున గడ్డకట్టిన నూనె ఉంటే అది వంటింటి నీరు. నాచు ముదురుగా, వాసన ఘాటుగా ఉంటే సెప్టిక్ ట్యాంకు పొంగు. డెల్టాలో వానాకాలం భూగర్భజలం మీటరు, రెండు మీటర్ల లోతుకే వచ్చేస్తుంది. ఇంకుడు గుంట ఇంకడం మానేస్తుంది, ట్యాంకులోకి వచ్చిన నీరు అలాగే బయటికి తోసుకొస్తుంది. ఇంటివాళ్లను తిట్టి లాభం లేదు. గట్టు వెంట వేరే మురుగు గొట్టం వేసి, ఇళ్లన్నీ దానికి కలిపి, పల్లంలో శుద్ధి చేసే చోటికి పంపే పని మునిసిపాలిటీది. అది జరిగేదాకా ట్యాంకును రెండు మూడేళ్లకోసారి తోడించి, ఆ బురదను కాలువలో పోయకుండా చూసుకోవడం ఇంటివాళ్ల చేతిలో ఉన్న పని.

తాడేపల్లిగూడెం మండలం నందమూరులో ఏలూరు కాలువ ఎర్రకాలువ మీదుగా దాటుతుంది. పంట నీరు పైన, ఏజెన్సీ కొండల వాగు నీరు కింద. పుస్తకంలో బొమ్మ వేసి చెప్పాల్సిన సంగతి ఇక్కడ కంటికి కనబడుతుంది. కింది ఖానాలకు పట్టేదానికన్నా వాగు ఎక్కువొస్తే నీరు వెనక్కి తన్ని నిడదవోలు, తాడేపల్లిగూడెం చేలను ముంచుతుంది. ఖానాల్లో పూడిక, అడ్డుపడ్డ చెట్లు, గుర్రపుడెక్క ఈ ముంపును ఇంకా పెంచుతాయి. ఇక్కడ దాటిన ఎర్రకాలువే కిందికి పోయి యనమదుర్రు డ్రెయిన్ అవుతుంది. రేపు దాని ఒడ్డునే ఉంటాం.

మూడో రోజు: భీమవరం

ఈ ఊరికి ఒక రోజంతా ఇవ్వాలి. భూగర్భజలం ఉప్పగా ఉండే ప్రాంతం కాబట్టి బోరు వేసి బతికే వీలు తక్కువ. చుట్టూ చేపల, రొయ్యల చెరువులు. తాగడానికి కాలువ నీరే, కాలువలు కట్టేశాక చెరువులో దాచిన నీరే. సమ్మర్ స్టోరేజీ ట్యాంకు అని కాగితాల మీద రాసే మంచినీళ్ల చెరువు ఇలాంటి ఊరికి ప్రాణం.

ఎంత చెరువు కావాలి? లక్ష మంది ఉన్న ఊరికి, మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున, కోటీ 35 లక్షల లీటర్లు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే దాదాపు 24.5 లక్షల లీటర్లు కాబట్టి ఇది ఐదున్నర క్యూసెక్కుల నీరు. 60 రోజులకు 81 కోట్ల లీటర్లు, అంటే 8.1 లక్షల ఘనపు మీటర్లు. చెరువు లోతు 4 మీటర్లనుకుందాం. ఎండకు రోజుకు 7 మిల్లీమీటర్ల చొప్పున ఆవిరయ్యేది 42 సెంటీమీటర్లు. అడుగున బురదతో కలిసి పనికిరానిది అర మీటరు. వాడుకోవడానికి మిగిలేది 3.08 మీటర్లు. ఆ లెక్కన 65 ఎకరాల నీటి విస్తీర్ణం కావాలి, గట్లు కాక. 2011 జనాభా లెక్కల్లోనే భీమవరం లక్షా 42 వేలు దాటింది. చెరువులో మూలన కొంత పూడ్చి షాపింగ్ కాంప్లెక్సు కట్టాలని ఎవరైనా అంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టాలి. 65 ఎకరాల్లో ఒక ఎకరం పోతే దాదాపు ఒక రోజు నీళ్లు పోయినట్టు.

నింపడంలోనే సగం తప్పులు జరుగుతాయి. కాలువ నిండుగా పారుతున్నప్పుడు తూము ఎత్తితే నీరు తనంతట తాను చెరువులోకి దిగుతుంది. కట్టేసే తేదీ దాకా చూస్తూ కూర్చుంటే మట్టం పడిపోతుంది, ఇంజన్లు పెట్టి తోడాలి, పైగా అప్పుడొచ్చేది అడుగు నీరు. జూన్‌లో కాలువలు వదిలిన తొలి రెండు మూడు రోజుల నీరు అసలు ఎక్కించకూడదు. ఎండిన కాలువలో పోగైన చెత్త, కళేబరాలు, మురుగు గుంటలు అన్నీ ఆ నీటితోనే వస్తాయి. చెరువులో కొద్దిగానే మిగిలి ఊరంతా కంగారు పడుతున్న రోజుల్లో ఈ మాట వినిపించుకోవడం కష్టం. అయినా వినాలి.

దాచిన నీరు కూడా పాడవుతుంది. మే నెలలో పైపొర వేడెక్కి నాచు పట్టి పచ్చబడుతుంది, అడుగు పొరలో ఆక్సిజన్ అయిపోయి బురద వాసన కొడుతుంది. తోడే గొట్టం పైనా వద్దు, అడుగునా వద్దు, పైనుంచి ఒకటి ఒకటిన్నర మీటర్ల లోతులో ఉండాలి. మట్టం తగ్గేకొద్దీ గొట్టం నోరు కూడా దించుకునే వీలుండాలి. నాచు ఎక్కువైతే నీటి పీహెచ్ 8.5 దాటుతుంది, అప్పుడు పటిక ఎంత వేసినా నీటిలోని మట్టి సరిగ్గా గడ్డకట్టి దిగదు. ఎంత పటిక వేయాలో అంచనాతో తేల్చకూడదు. ఆరు గ్లాసు జాడీల్లో లీటరు చొప్పున నీళ్లు తీసుకుని, ఒక శాతం పటిక ద్రావణం 1, 2, 3, 4, 5, 6 మిల్లీలీటర్లు వేయాలి. ఒక్కో మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల పటిక ఉంటుంది. ఒక నిమిషం గట్టిగా, పావుగంట నెమ్మదిగా తిప్పి, అరగంట వదిలేయాలి. తేటపడిన జాడీల్లో అన్నిటికన్నా తక్కువ పటిక పడ్డదే ఆ రోజు మోతాదు. నీరు మారినప్పుడల్లా మళ్లీ చేయాలి.

క్లోరిన్ సంగతి కుళాయి దగ్గర తేలుతుంది. క్లోరోస్కోపు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి ఊపితే పసుపు రంగు తిరుగుతుంది. పక్కనున్న రంగు పలకతో పోల్చి వెంటనే చదవాలి. ఆలస్యం చేస్తే రంగు ముదిరి లెక్క తప్పుతుంది. లైను చివరి ఇంట్లో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కనబడాలి. ట్యాంకు దగ్గర బాగుండి చివరి ఇంట్లో సున్నా వస్తే, మధ్యలో ఎక్కడో గొట్టం పగిలి మురుగు లాగుతోందని అనుమానించాలి. నీళ్లు రాని వేళల్లో ఖాళీ గొట్టం చుట్టూ ఉన్న మురికిని లోపలికి పీల్చుకుంటుంది. ఇంటి సంపులో వేసుకోవాలంటే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు, గంటసేపు ఆగి వాడుకోవాలి. డెల్టా గాలిలోని చెమ్మకు మూతలేని బ్లీచింగ్ బస్తా వారాల్లోనే సత్తువ కోల్పోతుంది.

సాయంత్రం యనమదుర్రు వంతెన మీదికి. లక్ష మంది వాడే నీటిలో ఐదింట నాలుగు వంతులు, అంటే 4.4 క్యూసెక్కులు మురుగై బయటికొస్తుంది. మొదటి రోజు లెక్క ప్రకారం దాన్ని అలాగే వదిలితే కలపడానికి 440 క్యూసెక్కుల మంచి నీరు కావాలి. ఎండాకాలం డ్రెయిన్‌లో పైనుంచి వచ్చే నీరే లేదు. పట్టుబడి అయ్యాక రొయ్యల చెరువులు వదిలే మేత కుళ్లు నీరు దీనికి తోడు. ఆ నత్రజనికి గుర్రపుడెక్క దట్టంగా పెరుగుతుంది. పూత రాకముందే తీయాలి, గింజ పడితే బురదలో ఏళ్ల తరబడి బతుకుతుంది. తీసింది గట్టు మీద కుప్ప వేస్తే తొలి వానకే మళ్లీ నీళ్లలో ఉంటుంది, గట్టు అవతలికి మోయాలి. అందులో నూటికి 90 పాళ్లకు పైగా నీరే కాబట్టి నాలుగు రోజులు ఆరబెడితే మోయడం తేలిక.

నాలుగో రోజు: పాలకొల్లు, నర్సాపురం, అంతర్వేది

పాలకొల్లు దాటితే అన్నీ చివరి భూములే. నీరు తగ్గిన ఏడు వంతులవారీ విధానం పెడతారు. వంతు రాని రోజుల్లో మంచినీళ్ల చెరువుకు ఎక్కేది కూడా ఉండదు, చివరి ఊళ్లు దీన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

నర్సాపురం రేవులో వశిష్ఠ పాయ చూడ్డానికి నిండుగా ఉంటుంది, తాగడానికి పనికిరాదు. బ్యారేజీ గేట్లు మూశాక పైనుంచి తోసే నీరు లేక సముద్రపు పోటు లోపలికి ఎక్కుతుంది. ఉప్పు నీరు బరువు కాబట్టి అడుగున పాకుతుంది. పైన ముంచి రుచి చూసి బాగుందనుకుంటే మోసపోతారు, నమూనా అడుగు నుంచి తీయాలి. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మేలు. సముద్రంలో 35,000. నూరు బిందెల కాలువ నీటికి ఒక్క బిందె సముద్రపు నీరు తోడైతే ఆ హద్దు చేరిపోతుంది.

ఉప్పును ఆపేవి మురుగు కాలువల చివర ఉండే స్లూయిజ్ తలుపులు. లోపలి నీరు ఎక్కువైతే బయటికి తెరుచుకుంటాయి, పోటు వస్తే ఆ ఒత్తిడికే మూసుకుంటాయి. మనిషి అక్కర్లేని ఏర్పాటు, కానీ కీలు తుప్పు పట్టినా, కొబ్బరి మట్ట ఒకటి అడ్డం పడినా తలుపు వేలెడు తెరుచుకునే ఉండిపోతుంది. రోజుకు రెండు పోట్లు. ఒక నెలలో ఆ సందులోంచి ఎక్కే ఉప్పు వెనకున్న చేలకు, ఊర చెరువులకు చాలు. ప్రతి అమావాస్యకు, పౌర్ణమికి ముందు తలుపు అంచు తుడిచి, కీళ్లకు గ్రీజు పెట్టడం చాలా చిన్న ఖర్చు.

పంటు పడవ మీద సఖినేటిపల్లి వైపు దాటి అంతర్వేది వెళ్తే వశిష్ఠ మొగ. గుడి దర్శనం ఉదయం చేసుకుని, మొగ చూడ్డానికి సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ ఎంచుకోండి. ఇసుక మేటలు బయటపడతాయి, నది నోరు ఎంత సన్నబడిందో తెలుస్తుంది.

ఐదో రోజు: పి.గన్నవరం, లొల్ల

కోనసీమలో నది దాటి అవతలి లంక భూములకు నీరివ్వడానికి వైనతేయ పాయ మీద 1850లలో కట్టిన పాత అక్విడెక్టు, అంటే కాలువను మోసే వంతెన, పి.గన్నవరంలో ఉంది. కాటన్‌కు కుడిభుజంగా పనిచేసిన వీణం వీరన్న పేరు ఇక్కడ ఇప్పటికీ వినబడుతుంది. 2000లో పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కింద నది, పైన కాలువ, కాలువ పక్కన మనుషులు, బళ్లు. కింద అంత నీరున్నా అవతలి ఊళ్లు తాగేది ఈ తొట్టిలో వచ్చే నీరే. లొల్ల లాకుల దగ్గర మధ్య డెల్టా కాలువ చీలే తీరు చూసి, నీడలో భోంచేసి, పక్కనే ఆత్రేయపురంలో పూతరేకులు కట్టించుకుని అమలాపురం చేరడానికి ఈ రోజు సరిపోతుంది.

ఆరో రోజు: కోరింగ, కాకినాడ, అరట్లకట్ట

ఎదుర్లంక–యానాం వంతెన మీద గౌతమి దాటితే కోరింగ అభయారణ్యం, 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు. మడ అడవి చెక్క బాట మీద పాటు వేళ నడవాలి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్లు గాలి పీల్చుకోవడానికి. మురుగుతో వచ్చే ప్లాస్టిక్ సంచులు వాటిని కప్పేస్తే చెట్టు ఊపిరాడక చస్తుంది. ఈ చెట్టు ఉప్పును ఓర్చుకుంటుంది తప్ప ఉప్పు మీదే బతకదు, ఏటా వరద తెచ్చే మంచి నీరు, ఒండ్రు దానికి కావాలి. 1839లో ఉప్పెన కోరింగ రేవు పట్నాన్ని తుడిచిపెట్టింది. అలల జోరును విరిచే ఈ అడవి కాకినాడకు ఖర్చులేని గోడ.

కాకినాడలో జగన్నాథపురం వంతెన మీంచి ఉప్పుటేరు చూడండి, రెండు పక్కలా పడవలు. ఊరు సముద్ర మట్టానికి కాస్తే పైన ఉంది. అమావాస్య, పౌర్ణముల పోటు మీటరు దాటి లేస్తుంది, డ్రెయిన్ల నోళ్లు నీళ్ల కిందికి పోతాయి. సరిగ్గా ఆ గంటల్లో గట్టి వాన పడితే డ్రెయిన్ ఎంత వెడల్పున్నా నీరు కదలదు. పోటు వేళలు ముందుగానే తెలుస్తాయి కాబట్టి తుపాను హెచ్చరిక రాగానే పాటు వేళ డ్రెయిన్లు వీలైనంత ఖాళీ చేసి, పోటు ఎక్కకముందే తలుపులు మూసి, ఆపైన మోటార్లతో తోడాలి. తీసిన పూడిక అదే రోజు ఎత్తేయాలి. రోడ్డు పక్కన ఆరనిద్దామని వదిలితే సగం తిరిగి అందులోకే పోతుంది.

ఇంత సముద్రం పక్కనున్నా ఊరు తాగేది ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టా కాలువల్లో వచ్చే గోదావరే. కాలువలు కట్టేసిన రోజులకు సామర్లకోటలో, అరట్లకట్టలో చెరువులున్నాయి. అరట్లకట్ట చెరువు గట్టెక్కితే స్కేలు కోసం చూడండి. గాలి లేని ఉదయం, వరసగా రెండు రోజులు, ఒకే వేళకు చదవాలి. మూడో రోజు వేసిన 65 ఎకరాల లెక్కలో ఊరి వాడకానికి 5.1 సెంటీమీటర్లు, ఆవిరికి 0.7, మొత్తం రోజుకు ఆరు సెంటీమీటర్ల లోపు దిగాలి. ఏ ఊరి చెరువుకైనా దాని విస్తీర్ణంతో ఇలాగే తేల్చుకోవచ్చు. అంతకన్నా రెండు సెంటీమీటర్లు ఎక్కువ దిగుతుంటే ముందు గట్టు వెలుపలి పాదం వెంట నడిచి, ఎండలోనూ పచ్చగా, మెత్తగా ఉన్న చోట్లు వెతకాలి, ఊట అక్కడే ఉంటుంది. అక్కడ లేకపోతే తోడే మోటారు ఎన్ని గంటలు నడిచిందో పుస్తకం తీసి చూడాలి.